వెనక ఇరుసుకు వేసిన కొత్త బేరింగులు రెండు నెలల్లో మూడోసారి పోయాయి. తప్పు ఎక్కడ? (ఏటీవీ, అనంతగిరి)

అనంతగిరి_ఏటీవీ | జులై 14, రాత్రి 10:42

అందరికీ నమస్తే. వికారాబాద్ దగ్గర అనంతగిరి గుట్టల కింద నేనూ మా బావమరిదీ చిన్న ట్రాక్ నడుపుతున్నాం. రెండు ఏటీవీలు (మట్టిలో తిరిగే నాలుగు చక్రాల బండ్లు) ఉన్నాయి. రెండూ చైనా తయారీ, చైన్ డ్రైవ్, వెనక ఒకటే పొడుగు ఇరుసు. శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి జనం వస్తారు, తలా నాలుగు రౌండ్లు తిప్పి పంపిస్తాం.

ఒక బండికి ఏ రోగమూ లేదు. రెండోది మాత్రం ప్రాణం తీస్తోంది. మే నెలాఖరులో వెనక నుంచి గరగర శబ్దం మొదలైంది, బేరింగులు మార్చాం. జూన్ మధ్యలో మళ్లీ పోయాయి, మళ్లీ మార్చాం. జులై మొదట్లో మూడో జత వేశాం. అది నిన్న పోయింది.

మెకానిక్ మంచోడే, బైకులు బాగా చేస్తాడు. ఏటీవీ ముట్టుకోవడం మాత్రం ఇదే మొదలు. పని జరిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. పాతవి కొట్టి తీశాడు, కొత్తవి కొట్టి కూర్చోబెట్టాడు. రెండిటి మధ్య ఒక ఇనుప గొట్టం ఉంటుంది, అది కూడా పెట్టాడు. హౌసింగ్ (బేరింగులు కూర్చునే గూడు) చేతిలో పట్టుకుని ఊపితే ఆ గొట్టం లోపల గలగలమంది కానీ ఇరుసు దూరాక ఆగిపోతుందిలే అన్నాడు. నట్లు బిగించాక ఇరుసు కొంచెం బిగువుగా తిరిగింది. కొత్త గ్రీజు కదా, సర్దుకుంటుంది అనుకున్నాం.

తప్పు బేరింగుదా, మెకానిక్‌దా, ఎర్రమట్టిదా, మా జాతకానిదా? చెప్పండి అన్నా.

డల్లాస్_దుమ్ము | జులై 14, రాత్రి 11:20

తమ్ముడూ, నా దగ్గర 2004 హోండా 400ఈఎక్స్ ఉంది. ఇక్కడ పిల్లలతో కలిసి నేనే విప్పుకుంటాను, ఒకసారి బేరింగులు మార్చాను కూడా. కొనడానికి పరిగెత్తే ముందు అసలు పోయింది బేరింగేనా అని తేల్చుకో.

వెనక భాగం జాకీ మీద లేపు. చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి లోపలికీ బయటికీ ఊపు. బావమరిదిని టార్చి లైటుతో కింద పడుకోబెట్టు. చక్రం ఊగుతూ ఇరుసు కదలకపోతే హబ్ (చక్రాన్ని ఇరుసుకు బిగించే ముక్క) పళ్లు అరిగాయి, లేదా హబ్ నట్ వదులైంది. చక్రం, ఇరుసు కలిసి ఊగుతూ హౌసింగ్ నిలకడగా ఉంటే బేరింగు. హౌసింగ్ కూడా కలిసి ఊగితే దాన్ని పట్టుకున్న బోల్టులు, లేదంటే స్వింగ్ ఆర్మ్ (ఇరుసును ఫ్రేముకు కలిపే చెయ్యి) బుష్‌లు.

తర్వాత చైన్ తీసేసి చక్రం చేత్తో తిప్పి ఇరుసు కొసను చూడు. కొస గుండ్రంగా ఊగుతుంటే ఇరుసే వంగింది. అప్పుడు ఎన్ని బేరింగులు మార్చినా వృథా.

పొలంగట్టు | జులై 15, ఉదయం 6:05

బండి ఎలా కడుగుతున్నారు? మాది భీమవరం పక్కన పల్లె. దమ్ము చేసిన పవర్ టిల్లర్‌ని ప్రెషర్ గన్‌తో కడిగించిన ప్రతిసారీ ఏదో ఒక సీల్ పోయేది. బురద చేసిన చేటు కంటే ఆ గన్ చేసిన చేటే ఎక్కువ.

ఇంకో మాట. శబ్దం వస్తున్న బండి మీద జనాన్ని ఎక్కిస్తున్నారా?

అనంతగిరి_ఏటీవీ | జులై 15, మధ్యాహ్నం 1:30

@డల్లాస్_దుమ్ము, చూశాం అన్నా. చక్రం, ఇరుసు కలిసి ఊగుతున్నాయి, హౌసింగ్ కదలట్లేదు. కుడివైపు ఎక్కువ. ఇరుసు వంగలేదు, కొస నిలకడగానే తిరుగుతోంది. ఇంకో సంగతి, వెనక బ్రేకు మొదటిసారి నొక్కితే మెత్తగా లోపలికి పోతుంది, రెండోసారికి పడుతుంది. ఇది వేరే రోగమా?

@పొలంగట్టు, ప్రెషర్ గన్‌తోనే కడుగుతాం. వానాకాలం, సాయంత్రానికి బండి రంగే కనపడదు. జనం సంగతి అంటారా, ఆదివారం పొద్దున రెండు ట్రిప్పులు వేశాం. తర్వాత ఆపేశాం.

డల్లాస్_దుమ్ము | జులై 15, సాయంత్రం 7:48

బ్రేకుదీ అదే రోగం. వెనక డిస్క్ ఇరుసు మీదే కూర్చుంటుంది. ఇరుసు ఊగితే డిస్క్ ఊగి ప్యాడ్లను లోపలికి తోసేస్తుంది. మొదటి నొక్కు ప్యాడ్లను మళ్లీ దగ్గరికి తెచ్చుకోవడానికే సరిపోతుంది. గుట్ట దిగేటప్పుడు ఆ మొదటి నొక్కే కావాలి తమ్ముడూ.

పొలంగట్టు | జులై 15, రాత్రి 8:10

ఆదివారం రెండు ట్రిప్పులు అన్నారు చూడండి, ఆ రెండూ వేయకుండా ఉండాల్సింది. బేరింగు పూర్తిగా విడిపోతే చైన్ తెగుతుంది, లేదా బ్రేకు డిస్క్ కాలిపర్‌ని (ప్యాడ్లను పట్టుకునే భాగాన్ని) కొడుతుంది. ఎక్కేది ఎవరి పిల్లలో. కోపంగా అనట్లేదు, కానీ అనక తప్పట్లేదు.

అనంతగిరి_ఏటీవీ | జులై 15, రాత్రి 8:31

ఒప్పుకుంటున్నాను అన్నా. బండి షెడ్డులో పెట్టి చక్రాలు తీసేశాం. ఇది తేలేదాకా బయటికి రాదు.

బేరింగ్‌బుల్లోడు | జులై 16, ఉదయం 10:15

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగుల షాపు కౌంటర్ మీద పన్నెండేళ్లుగా కూర్చుంటున్నా, నా మాట కూడా వినండి. పాత బేరింగు మీద ఏం రాసుందో ఒక్క అక్షరం కూడా వదలకుండా చెప్పండి. బండి పేరు నాకు అక్కర్లేదు. చైనా బండికి ‘కిట్’ అని ఆన్‌లైన్‌లో వెతికి మూడు వేలు పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. లోపల ఉండేది మాత్రం మామూలు బాల్ బేరింగే, రెండు రింగుల మధ్య ఉక్కు బంతులు.

నంబర్‌లో చివరి రెండంకెలు 04, ఆ పైన అయితే వాటిని ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం వస్తుంది. 6006 అయితే 30 మి.మీ., 6007 అయితే 35. ఆ తర్వాత వచ్చే అక్షరాలే అసలు కథ.

అనంతగిరి_ఏటీవీ | జులై 16, మధ్యాహ్నం 12:02

6007 జెడ్‌జెడ్ అని ఉంది. మూడుసార్లూ అదే తెచ్చాం. మొదటిసారి బండిలోంచి వచ్చిన వాటి మీద 6007 2ఆర్‌ఎస్ అని ఉంది. నంబర్ ఒకటే కదా అని షాపాయన ఇచ్చాడు.

బేరింగ్‌బుల్లోడు | జులై 16, మధ్యాహ్నం 12:20

అయ్యో రామా! నంబర్ ఒకటే, సైజు ఒకటే (35 × 62 × 14), పని మాత్రం ఒకటి కాదు. జెడ్‌జెడ్ అంటే రెండు పక్కలా రేకు మూత. ఆ రేకు లోపలి రింగును తాకదు, మధ్యలో వెంట్రుకంత సందు ఉంటుంది. ఫ్యాన్ మోటారులో దుమ్ము ఆపడానికి అది చాలు. నీళ్లు, బురద దాని ముందు నిలవవు. 2ఆర్‌ఎస్ అంటే రెండు పక్కలా రబ్బరు సీల్, అది లోపలి రింగును ఒరుసుకుంటూ ఉంటుంది. కొన్ని కంపెనీలు దాన్నే డీడీయూ అని, ఎల్‌ఎల్‌యూ అని కూడా రాస్తాయి. షాపులో 2ఆర్‌ఎస్ లేదంటే ఇంకో షాపుకు వెళ్లండి, జెడ్‌జెడ్‌తో సరిపెట్టుకోకండి.

ఇంకోటి. పేరున్న కంపెనీ డబ్బాలో నకిలీ సరుకు బాగా తిరుగుతోంది. సగం ధరకు ఇస్తానంటే అనుమానించండి. బిల్లు తీసుకోండి.

చిట్కా_చిన్నోడు | జులై 16, మధ్యాహ్నం 3:44

ఇంత టెన్షన్ ఎందుకు? ఇరుసు అరిగితే బేరింగు కూర్చునే చోట డాట్ పంచ్‌తో చుట్టూ చుక్కలు కొట్టండి, టైట్ అయిపోతుంది. హౌసింగ్‌కి ఒక గ్రీజు నిప్పుల్ పెట్టించి వారానికోసారి గ్రీజు నింపేయండి. మా ఆటోలన్నీ ఇలాగే నడుస్తాయి.

సున్నా_మైక్రాన్ | జులై 16, సాయంత్రం 6:30

చుక్కలు కొడితే టైట్ అయినట్టు అనిపిస్తుంది, నాలుగు రోజులకు ఆ చుక్కల మొనలు నలిగిపోయి ముందుకంటే వదులవుతుంది. పైగా లోపలి రింగు గుండ్రంగా కూర్చోదు. నిప్పుల్ సంగతి ఇంకా విచిత్రం. రెండు పక్కలా సీల్ ఉన్న బేరింగు లోపలికి ఆ గ్రీజు పోదు, హౌసింగ్‌లో మధ్యన ముద్దలా కూర్చుంటుంది. నీళ్లను కాస్త ఆపుతుందేమో కానీ బేరింగుకు ఒక్క చుక్క అందదు.

నేను కాలేజీలో మెకానికల్ చెబుతాను. మా పిల్లలు పోటీలకు ఆఫ్‌రోడ్ బండి కట్టేటప్పుడు బేరింగులు ఎలా చంపుతారో ఏటా చూస్తాను. నా అనుమానం సుత్తి మీద. ఈ బేరింగు బయటి రింగు హౌసింగ్‌లో బిగువుగా కూర్చోవాలి. కొట్టేవాడు చేతికి అందిందని లోపలి రింగు మీద కొడితే, ఆ దెబ్బంతా బంతుల మీదుగా బయటి రింగుకు పోతుంది. బంతి తాకిన ప్రతిచోటా కంటికి కనపడని గుంట పడుతుంది. అలా బండిలో తిరగక ముందే బేరింగు సగం చచ్చిపోతుంది. హౌసింగ్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తాలి, ఇరుసు మీదకు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీదే. ఇది ఒక్కటి గుర్తుంటే చాలు.

ఇంకో విషయం అడగాలి. ట్రాక్‌కీ షెడ్డుకీ మధ్య తారు రోడ్డు ఉందా? ఈ బండ్లకు వెనక డిఫరెన్షియల్ ఉండదు, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రం జారాలి. మట్టి మీద జారుతుంది, తారు మీద జారనని మొండికేస్తుంది. ఆ భారమంతా ఇరుసు మీద, బేరింగుల మీద పడుతుంది.

అనంతగిరి_ఏటీవీ | జులై 16, రాత్రి 9:15

రెండు వందల గజాలు తారు రోడ్డే సార్. కానీ బాగున్న బండి కూడా అదే రోడ్డు మీద, అదే మట్టిలో తిరుగుతుంది. దాన్నీ అదే గన్‌తో కడుగుతాం. దానికి రెండేళ్లుగా బేరింగు మార్చలేదు. అదే అర్థం కావట్లేదు.

లేత్‌బాబాయ్ | జులై 17, ఉదయం 5:50

ఇంతమంది ఇన్ని చెప్పారు, ఆ అబ్బాయి మొదటి పోస్టులోనే జవాబు రాసేశాడు, ఎవరూ చూడలేదు.

“హౌసింగ్ ఊపితే గొట్టం గలగలమంది.”

బాబూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మీద నిలబడ్డాను. రెండు బేరింగులూ అడుగుదాకా కూర్చున్నాక మధ్యలో స్పేసర్ (నువ్వు రాసిన ఇనుప గొట్టం) గలగలమనకూడదు. వేలితో తోస్తే కష్టంగా పక్కకు జరగాలి. గలగలమందంటే అది పొట్టిదైపోయింది.

పొట్టిదైతే ఏమవుతుందో చెబుతాను, కాస్త బొమ్మ ఊహించుకో. బయటి రింగులు రెండూ హౌసింగ్‌లో మెట్టుకు ఆనుకుని ఉంటాయి, అవి లోపలికి కదలవు. నువ్వు ఇరుసు నట్ బిగిస్తావు. ఆ బిగువు ఒక లోపలి రింగు మీద నుంచి స్పేసర్ మీదుగా రెండో లోపలి రింగుకు పోవాలి. మధ్యలో బంతులకు దానితో సంబంధం ఉండకూడదు. స్పేసర్ పొట్టిదైతే లోపలి రింగులు రెండూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి, నట్ బిగువంతా బంతులే మోస్తాయి. ఇరుసు బిగువుగా తిరిగిందన్నావు చూడు, అది గ్రీజు కాదు.

జెడ్‌జెడ్ వేయడం తప్పే. సుత్తి తప్పే. గన్ తప్పే. కానీ గన్, మట్టి, తారు ఆ బాగున్న బండికీ ఉన్నాయి కదా, దానికి ఏమీ కాలేదు. గొట్టం గలగలమంది మాత్రం ఈ బండిలోనే. కాబట్టి ముందు స్పేసర్ కొలువు.

ఎలా కొలవాలంటే, హౌసింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు మొత్తం పొడవు తీసుకో. రెండు పక్కలా బయటి అంచు నుంచి బేరింగు ఆనే మెట్టు దాకా వెర్నియర్ డెప్త్ రాడ్‌తో లోతు తీసుకో. మొత్తంలోంచి రెండు లోతులు తీసేస్తే మిగిలేది మెట్టు నుంచి మెట్టుకు దూరం. స్పేసర్ అంతే ఉండాలి, లేదా వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి. తక్కువ మాత్రం ఉండకూడదు.

డల్లాస్_దుమ్ము | జులై 17, ఉదయం 8:12

బాబాయ్, దండం. నేను కూడా చదివి వదిలేశాను.

అనంతగిరి_ఏటీవీ | జులై 20, రాత్రి 11:05

కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, క్షమించండి. నిన్నా ఇవాళా పట్టింది.

హబ్ నట్లు బండి నేల మీద ఉండగానే, బావమరిది బ్రేకు తొక్కి పట్టుకుంటే, కాటర్ పిన్ (నట్ ఊడకుండా అడ్డం దూర్చే తీగ మేకు) తీసి వదులు చేశాం. తర్వాత లేపి, రాళ్లు కాదు, సరైన స్టాండ్ల మీద పెట్టాం. చక్రాలు, హబ్‌లు, కాలిపర్ తీశాం. కాలిపర్‌ని గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో కట్టాం. అసలు తలనొప్పి స్ప్రాకెట్ (చైన్ తిప్పే పళ్ల చక్రం) పక్కన ఉన్న రెండు పలచటి పెద్ద నట్ల దగ్గర వచ్చింది. ఒకదాన్ని ఒకటి తాళం వేసుకుని కూర్చున్నాయి. పైప్ రెంచ్ పెడితే అంచులు కొరుక్కుపోయాయి కానీ కదల్లేదు. పక్క ఊళ్లో ట్రాక్టర్ షెడ్డు నుంచి సరైన పానా తెచ్చి, హీట్ గన్‌తో పది నిమిషాలు కాల్చాం. ఏదో ప్లాస్టిక్ మాడిన వాసన వచ్చింది, తర్వాత కిర్రుమని కదిలింది. మరల్లోంచి ఎర్రటి గమ్ పొడిగా రాలింది.

ఇరుసు కొస మీద హబ్ నట్‌ని తిరిగి సమానంగా ఎక్కించి, టేకు చెక్క అడ్డం పెట్టి కొట్టాం. ఏడో దెబ్బకు కదిలింది. పూర్తిగా లాగేసరికి కుడివైపు బేరింగు రెండు ముక్కలైంది. లోపలి రింగు ఇరుసుతో వచ్చేసింది, బయటిది హౌసింగ్‌లో ఉండిపోయింది, బంతులు షెడ్డంతా దొర్లాయి. లోపల గ్రీజు లేదు. చింతపండు గుజ్జు లాంటి ఎర్రటి ముద్ద ఉంది.

ఇప్పుడు కొలతలు. హౌసింగ్ మొత్తం పొడవు 162.0. లోతులు 22.0, 21.9. అంటే మెట్టు నుంచి మెట్టుకు 118.1 మి.మీ.

స్పేసర్ 116.4.

బాబాయ్, 1.7 మి.మీ. తక్కువ!

స్పేసర్ ఒక కొస అద్దంలా మెరుస్తూ నీలం రంగు తిరిగి ఉంది. రెండో కొస మీద మాత్రం లేత్ గీతలు స్పష్టంగా కనపడుతున్నాయి. బండి మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం.

లేత్‌బాబాయ్ | జులై 21, ఉదయం 5:40

ఆ నీలం రంగే కథ చెబుతోంది. ఎప్పుడో పాత బేరింగు పట్టేసింది. పట్టేసిన లోపలి రింగు ఆగిపోయి, ఇరుసు, స్పేసర్ తిరుగుతూనే ఉండి రాసుకుని కాలాయి. తర్వాత ఎవరో నాలాంటివాడి దగ్గరికి తెచ్చి ‘కొస సాపు చెయ్యి’ అన్నారు. వాడు సాపు చేశాడు. పొడవు ఎందుకు అని అడగలేదు. ఆ రోజు నుంచి ఆ బండికి బేరింగు నిలవలేదు.

పాత బేరింగు రింగులు చూడు, బంతులు తిరిగిన దారి గాడి నడుమ ఉందా, పక్కకు ఉందా? అలాగే ఇరుసు మీద బేరింగు కూర్చునే చోట మైక్రోమీటర్ పెట్టి కొలిచి చెప్పు.

అనంతగిరి_ఏటీవీ | జులై 21, సాయంత్రం 4:20

గుడ్డ పేలికతో తుడిచి వెలుతురులో చూశాం. లోపలి రింగు మీద మెరుపు గీత గాడి నడుమ లేదు, చక్రం వైపు అంచుకు ఎక్కి ఉంది. బయటి రింగు మీద దానికి వ్యతిరేకంగా, బండి మధ్య వైపు అంచుకు ఉంది. ఎడమ బేరింగులో కూడా అచ్చం ఇలాగే, అద్దంలో చూసినట్టు. గీత ఉన్న చోట రింగు పొట్టు లేచిపోయింది.

ఇరుసు ఎడమవైపు 35.00, కుడివైపు 34.95.

సున్నా_మైక్రాన్ | జులై 21, సాయంత్రం 5:02

ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నా సుత్తి సిద్ధాంతం కొట్టుకుపోయింది, బాబాయ్‌గారికి నా తరఫున కూడా దండం. ఈ రింగులు పారేయకండి, నాకు పంపిస్తే క్లాసులో చూపిస్తాను. ఖర్చు నేనే పెట్టుకుంటాను.

చిట్కా_చిన్నోడు | జులై 21, సాయంత్రం 5:30

1.7 మి.మీ.కి వాషర్ వేసేస్తే పోలా?

లేత్‌బాబాయ్ | జులై 21, సాయంత్రం 6:15

పోదు నాయనా. బజారు వాషర్ రెండు ముఖాలూ సమానంగా ఉండవు, మెత్తటి రేకు, నలుగుతుంది. నలిగితే మళ్లీ పొట్టిదే. కొత్తది తిప్పించుకో. ఎంతవుతుంది, రెండు టీలు తాగే టైము పడుతుంది అంతే.

అనంతగిరి అబ్బాయ్, రాసుకో. సీమ్‌లెస్ (అతుకు లేని) పైప్ తీసుకోమను. లోపల 35.3, బయట 42 దాటకూడదు, దాటితే బేరింగు రబ్బరు సీల్‌కి తగులుతుంది. పొడవు 118.2. రెండు కొసలూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. పైపు తిప్పి మళ్లీ చక్‌లో పట్టి రెండో కొస చేస్తే వంకర వస్తుంది. మాండ్రిల్ (పైపు రంధ్రంలో సరిగ్గా పట్టే కడ్డీ) మీద ఎక్కించి చెయ్యమను. పని తెలిసినవాడు ఈ మాట వినగానే నిన్ను గౌరవంగా చూస్తాడు.

కుడివైపు 0.05 అరిగింది. మంచిది కాదు, కానీ చావు కాదు. బేరింగు కూర్చునే చోట పూయడానికి రిటెయినింగ్ కాంపౌండ్ అని ద్రవం దొరుకుతుంది, ఆ సందుకు సరిపోతుంది. రెండు వైపులా నూనె ఆనవాలు లేకుండా తుడిచి పూసి ఎక్కించు. ఇరుసు మీద వెల్డింగ్ పోసి తిప్పిద్దామని ఎవరైనా అంటే వినకు. వెల్డింగ్ పక్కనే ఇరుసు పగులుతుంది, నేను చూశాను. సీజన్ అయ్యాక కొత్త ఇరుసు వేయించు.

మోడరేటర్ | జులై 21, రాత్రి 7:00

@చిట్కా_చిన్నోడు, మీకు వ్యక్తిగతంగా వచ్చిన ఎగతాళి సందేశాలు తొలగించాను. ప్రశ్న అడిగితే తప్పు కాదు. అందరూ గమనించగలరు.

డల్లాస్_దుమ్ము | జులై 22, ఉదయం 7:35

బిగించేటప్పుడు సుత్తి అసలు వాడకుండా చేసే మార్గం ఒకటి చెబుతాను. హౌసింగ్ అల్యూమినియమా? అయస్కాంతం పెట్టి చూడు, అంటకపోతే అల్యూమినియం. అయితే పండగే. కొత్త బేరింగులు రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టు, కవర్ తీయకుండా. పొద్దున హౌసింగ్‌ని ఓవెన్‌లో వంద డిగ్రీలకు వేడి చెయ్యి. దాని మీద నీటి చుక్క వేస్తే చుయ్‌మనాలి. బేరింగు దానంతట అదే జారి అడుక్కి పోతుంది. నా 400ఈఎక్స్‌కి అలాగే చేశాను, ‘టక్’మని కూర్చున్న శబ్దం ఇంకా గుర్తుంది. మా ఆవిడ ఓవెన్‌లో గ్రీజు వాసన వారం రోజులు పోలేదు, అది కూడా గుర్తుంది.

సున్నా_మైక్రాన్ | జులై 22, ఉదయం 9:10

లెక్క కూడా సరిపోతుంది. అల్యూమినియం డిగ్రీకి మీటరుకు 23 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) సాగుతుంది, ఉక్కు 12. 62 మి.మీ. రంధ్రం 70 డిగ్రీలు వేడెక్కితే 0.1 మి.మీ. పెద్దదవుతుంది. ఫ్రీజర్‌లో బేరింగు ఇంకో 0.03 చిన్నదవుతుంది. అంత సందు ఉంటే సుత్తితో పనేముంది? మంట మాత్రం పెట్టకండి, ఒకేచోట కాలితే హౌసింగ్ ఒంకర పోతుంది. బేరింగుని అసలు వేడి చేయకండి, లోపల గ్రీజు, రబ్బరు సీల్ ఉన్నాయి.

బేరింగ్‌బుల్లోడు | జులై 22, ఉదయం 11:00

ఆయిల్ సీల్స్ కూడా కొత్తవి వేయండి. పాత సీల్ సైజు దాని ముఖం మీదే అచ్చు ఉంటుంది. సీల్ పెదవికీ బేరింగుకీ మధ్య ఖాళీలో వాటర్‌ప్రూఫ్ గ్రీజు నింపండి, నీళ్లకు చోటు లేకుండా. సీల్ పెదవి తిరిగే చోట ఇరుసు మీద గోరు తగిలేంత గాడి పడితే కొత్త సీల్ కూడా కారుతుంది, చూసుకోండి.

అనంతగిరి_ఏటీవీ | జులై 28, రాత్రి 9:50

పని అయిపోయింది.

స్పేసర్ బాలానగర్‌లో తిప్పించాం. మాండ్రిల్ మీద చెయ్యండి అనగానే లేత్ ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి ‘ఎవరు చెప్పారు?’ అని అడిగాడు. విజయవాడ బాబాయ్ అన్నాను. నవ్వి ఆరు వందలు తీసుకున్నాడు. 118.2 అంటే 118.2 ఇచ్చాడు.

ఇరుసు మీద అతుక్కున్న పాత రింగుని గ్రైండర్‌తో సగం దాకా కోసి, ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే పగిలి ఊడింది. ఇరుసుకు గీత పడలేదు. మా ఇంట్లో ఓవెన్ లేదు. హౌసింగ్‌ని హీట్ గన్‌తో చుట్టూ తిప్పుతూ వేడి చేశాం. బేరింగులు ఐస్‌క్రీమ్ అమ్మే పక్క హోటల్ ఆయన ఫ్రీజర్‌లో పెట్టాం, ఆయన రెండుసార్లు అడిగాడు ఇవి ఏం మందుగుండు అని. మొదటి బేరింగు చేత్తో వదలగానే కిందికి జారిపోయింది. స్పేసర్ పెట్టి, రెండోది వదిలాం. అది సగంలో ఆగింది, నేను కంగారు పడ్డాను. మా బావమరిది పాత బేరింగు బయటి రింగు దాని మీద పెట్టి చెక్కతో చిన్నగా తట్టాడు, దిగిపోయింది.

చల్లారాక హౌసింగ్ ఊపి చూశాను. శబ్దం లేదు. వేలితో స్పేసర్ తోస్తే కష్టంగా జరిగింది.

నట్లు బిగించాక చక్రాలు పెట్టకుండా ఇరుసుని చేత్తో ఒకసారి తిప్పి వదిలాను. దానంతట అదే ఇంకో రెండు చుట్లు తిరిగింది. ఇంతకుముందు వదిలిన చోటే ఆగిపోయేది.

బ్రేకు మొదటి నొక్కుకే పడుతోంది. తారు రోడ్డు మీద ఇక తిప్పం, ట్రాలీలో వేసి తీసుకెళ్తున్నాం. గన్ అమ్మేశాం, బకెట్, బ్రష్షే.

పొలంగట్టు | జులై 28, రాత్రి 10:02

చల్లగా ఉండండి. ఆ గన్ ఎంతకు అమ్మారు?

అనంతగిరి_ఏటీవీ | అక్టోబర్ 6, రాత్రి 8:15

వానాకాలం మొత్తం గడిచింది. ఇవాళ లేపి ఊపి చూశాం, చుక్క కదలిక లేదు. సీల్స్ పక్కన తడి లేదు. కుడివైపు ఇరుసు అరుగుదల గుర్తుంది బాబాయ్, సంక్రాంతి రద్దీకి ముందే కొత్త ఇరుసు వేయిస్తాం.

కొత్తసభ్యుడు_కడప | అక్టోబర్ 9, ఉదయం 11:27

నమస్కారం, మా ఫామ్‌హౌస్ ఏటీవీకి కూడా వెనక నుంచి ఇలాంటి శబ్దమే. 6007 2ఆర్‌ఎస్ ఆర్డర్ పెట్టేశాను, రేపు వస్తాయి. ఏ గ్రీజు వాడాలి?

లేత్‌బాబాయ్ | అక్టోబర్ 9, మధ్యాహ్నం 12:10

ముందు విప్పు. హౌసింగ్ ఊపు. గలగలమందా లేదా చెప్పు, తర్వాత గ్రీజు సంగతి మాట్లాడదాం.